పాల తొట్లలో పులిసిన బీరు

1982 నవంబర్‌లో కాలిఫోర్నియాలోని సొనోమా పట్టణం పొలిమేరలో ఓ చిన్న బ్రూవరీ మూతబడింది. పేరు న్యూ ఆల్బియన్. నడిచింది ఆరేళ్లు. వారానికి ఏడెనిమిది బ్యారెళ్లు కాచడమే గగనమైంది. విస్తరణకు అప్పు అడిగితే బ్యాంకులు మొహం చాటేశాయి. వ్యాపార లెక్కల్లో ఇదొక చిన్న దివాలా. అయితే అక్కడి సామాను తుక్కుకు పోలేదు. ఉత్తరాన హాప్లండ్ అనే ఊళ్లో మొదలవుతున్న మరో బ్రూవరీకి చేరింది. అందులో పనిచేసిన డాన్ బార్క్లీ సామానుతో పాటే అక్కడికి వెళ్లాడు. బీరును పులియబెట్టే ఈస్ట్ కూడా వెంట వెళ్లింది.

ఇవాళ అమెరికాలో తొమ్మిది వేలకు పైగా బ్రూవరీలున్నాయి. చాలావాటికి ముందుభాగంలో ట్యాప్‌రూమ్ ఉంటుంది. చెక్క పళ్లెంలో నాలుగైదు చిన్న గ్లాసులు పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో రకం బీరు 120 మిల్లీలీటర్ల చొప్పున పోసి ఇస్తారు. లేత రంగు నుంచి నల్లటిదాకా, తేలిక నుంచి చేదుదాకా వరసగా రుచి చూసుకుంటూ పోవడం అక్కడి ఆనవాయితీ. ఆ గ్లాసుల వంశావళి వెతుక్కుంటూ వెళితే ఉత్తర కాలిఫోర్నియాలోని మూడు బ్రూవరీల దగ్గర తేలతాం. వాటిలో ఒకటి ఆరేళ్లకే పోయింది. ఒకటి నూటపాతికేళ్లు నిలిచి ఆగింది. మూడోది ఇప్పటికీ నడుస్తోంది. ఆ మూడింటి మధ్య పోటీ కంటే ఇచ్చిపుచ్చుకోవడమే ఎక్కువగా సాగింది. ఊరి బీరు మళ్లీ బతికి బట్టకట్టిందంటే అందువల్లే.

నిజానికి అమెరికాలో ఊరి బీరు కొత్తదేం కాదు. 1873లో ఆ దేశంలో 4,131 బ్రూవరీలు ఉండేవి. జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు ఏ ఊళ్లో స్థిరపడితే ఆ ఊళ్లో బీరు కాచుకున్నారు. ఆ తర్వాత రైళ్లు, శీతల యంత్రాలు వచ్చి, పెద్ద కంపెనీల సరుకు దూరప్రాంతాలకు పాకింది. 1920లో దేశమంతటా మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. 1933లో అది తొలగేనాటికి చిన్న బ్రూవరీలు చాలామటుకు చితికిపోయాయి. లేచి నిలబడ్డవాటిని పెద్దవి కొనేశాయి, లేదా ధరలతో కొట్టేశాయి. 1970ల చివరికి దేశం మొత్తం మీద బ్రూవరీల సంఖ్య వందలోపుకు పడిపోయింది. ఎక్కడికి వెళ్లినా ఒకటే తరహా బీరు: బార్లీతో పాటు బియ్యమో మొక్కజొన్నో కలిపి కాచిన, లేత పసుపు రంగు లాగర్.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం ఒక పాత పద్ధతి కొన ఊపిరితో మిగిలింది.

లాగర్ ఈస్ట్‌కు చలి కావాలి. 1849 నాటి బంగారు వేటతో జనం పోటెత్తిన శాన్‌ఫ్రాన్సిస్కోలో మంచుగడ్డలకు కరువు. అక్కడి బీరు కాచేవాళ్లు వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే తొట్లు కట్టి, వేడి ద్రవాన్ని వాటిలో పలచగా పరిచేవారు. పసిఫిక్ మీదుగా వచ్చే చల్లగాలికి అది ఆరేది. చలిలో పనిచేయాల్సిన ఈస్ట్‌ను వెచ్చటి వాతావరణంలోనే పులియబెట్టడంతో లాగర్‌కూ వెచ్చదనంలో పులిసే ఏల్‌కూ మధ్యస్థమైన రుచి పుట్టింది. దాన్నే స్టీమ్ బీర్ అన్నారు. ఒకప్పుడు పశ్చిమ తీరంలో చాలాచోట్ల కాచిన ఆ బీరు 1960లకు ఒక్క యాంకర్ బ్రూవరీలోనే మిగిలింది. యాంకర్ అన్న పేరు 1896 నాటిది. 1906 భూకంపం తర్వాత చెలరేగిన మంటల్లో ఆ బ్రూవరీ కాలిపోయింది. మద్యనిషేధంలో మూతబడింది. రెండుసార్లూ మళ్లీ మొదలైంది.

1965లో అది మళ్లీ చావుకు దగ్గరైంది. స్టాన్‌ఫర్డ్‌లో చదివి శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఉంటున్న ఫ్రిట్జ్ మేట్యాగ్‌కు అప్పుడు 27 ఏళ్లు. బట్టలుతికే యంత్రాలతో అమెరికా అంతటా పేరుపొందిన మేట్యాగ్ కంపెనీ అతని ముత్తాత పెట్టిందే. తనకిష్టమైన బీరు ఆగిపోబోతోందని తెలిసి మేట్యాగ్ వెళ్లి చూశాడు. 51 శాతం వాటా కొనేశాడు. కొన్నాక తెలిసింది అసలు సంగతి. పరికరాలు పాతబడ్డాయి, శుభ్రత అంతంతమాత్రం, బీరు తరచూ పుల్లబడుతోంది. అతను సూక్ష్మదర్శిని తెచ్చుకుని, పుస్తకాలు చదివి, ఏ దశలో ఏ సూక్ష్మజీవి చొరబడుతోందో పట్టుకోవడం నేర్చుకున్నాడు. సీసాల్లో నింపిన స్టీమ్ బీర్ బయటికి రావడానికి 1971 దాకా పట్టింది.

మేట్యాగ్ మరో పని కూడా చేశాడు. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో పాల్ రివియర్ గుర్రపు స్వారీకి 200 ఏళ్లు నిండిన 1975 ఏప్రిల్ 18న లిబర్టీ ఏల్ అనే కొత్త బీరు కాచాడు. అందులో వాడింది క్యాస్కేడ్ అనే హాప్స్ రకం. హాప్స్ అంటే బీరుకు చేదునీ పరిమళాన్నీ ఇచ్చే తీగ మొక్క పువ్వులు. అమెరికా వ్యవసాయ శాఖ, ఒరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పెంచిన క్యాస్కేడ్ రైతుల చేతికొచ్చింది 1972లో. ఐరోపా హాప్స్‌లో ఉండే మట్టివాసన, మూలికల వాసన దీంట్లో తక్కువ. దబ్బకాయ తొక్క గిల్లినప్పుడు ముక్కుకు తగిలే ఘాటు దీనిది. మరిగేటప్పుడు వేయడంతో సరిపెట్టకుండా, బీరు చల్లారి పులిసిన తర్వాత కూడా హాప్స్ నానబెట్టడంతో ఆ వాసన సీసాదాకా నిలిచింది. ఇవాళ అమెరికన్ ఐపీఏ (ఇండియా పేల్ ఏల్)గా పేరుపడ్డ రకానికి మూలం ఈ లిబర్టీ ఏలేనని చాలామంది బీరు రచయితలు చెబుతారు.

యాంకర్ పాత బ్రూవరీ. దాన్ని కాపాడటం ఒక ఎత్తు, ఏమీ లేనిచోట కొత్తదాన్ని కట్టడం మరో ఎత్తు. ఆ పనికి దిగినవాడు జాక్ మెకాలిఫ్. అమెరికా నౌకాదళంలో జలాంతర్గాములు మరమ్మతు చేసే పనిమీద 1960లలో స్కాట్లాండ్‌లో ఉన్నాడు. అక్కడి పబ్బుల్లో నల్లటి పోర్టర్లు, స్టౌట్లు, ఏల్‌లు తాగి వాటి రుచి మరిగాడు. తిరిగొచ్చాక అలాంటివి ఎక్కడా దొరకలేదు. యాంకర్‌ను చూశాక చిన్న బ్రూవరీ నడపడం సాధ్యమేనన్న నమ్మకం కుదిరింది. సుజీ స్టెర్న్, జేన్ జిమర్‌మన్ తోడయ్యారు. 1976లో సొనోమాలో ఓ గోదాము అద్దెకు తీసుకుని పని మొదలుపెట్టారు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. అమెరికాలో బ్రూవరీ యంత్రాలు చేసే కంపెనీలన్నీ భారీ కర్మాగారాలకే చేసేవి. చిన్న గిన్నె కావాలంటే దొరకదు. మెకాలిఫ్ వెల్డింగ్ తెలిసినవాడు. మూతబడ్డ పాల డెయిరీల స్టెయిన్‌లెస్ స్టీల్ సామాను, కోకాకోలా సిరప్ వచ్చిన 55 గ్యాలన్ల డ్రమ్ములు తెచ్చి కోసి, అతికించి బ్రూవరీ కట్టాడు. పంపుల ఖర్చు తప్పించడానికి నీళ్ల తొట్టి పైన, మరిగించే పాత్ర దాని కింద, పులియబెట్టే డ్రమ్ములు ఇంకా కింద అమర్చాడు. శాస్త్రం విషయంలో సందేహం వస్తే యూసీ డేవిస్ విశ్వవిద్యాలయం దగ్గర్లోనే ఉంది. బీరు శాస్త్రం బోధించే ప్రొఫెసర్ మైఖేల్ లూయిస్ అక్కడే ఉండేవాడు. డాన్ బార్క్లీ కూడా ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చి మొదట జీతం లేకుండానే పనిలో చేరినవాడు.

ఇదే కాలంలో చట్టాలు కూడా ఒక్కొక్కటిగా సడలాయి. 1976లో చిన్న బ్రూవరీలకు తొలి 60,000 బ్యారెళ్ల మీద కేంద్ర పన్ను బ్యారెల్‌కు 9 డాలర్ల నుంచి 7కు తగ్గింది. మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి దొరికింది గానీ బీరుకు దొరకలేదు. ఆ లోటును 1978 అక్టోబర్‌లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం పూడ్చింది. ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చన్నారు. కాచినచోటే గ్లాసులో పోసి అమ్ముకునే వీలును కాలిఫోర్నియా 1982లో కల్పించింది. ఇవాళ్టి ట్యాప్‌రూములకు పునాది ఆ చివరి మార్పే. కాచినవాడే కౌంటరు వెనక నిలబడి, ఇది ఎలా చేశాడో తాగేవాడికి స్వయంగా చెప్పగలిగాడు.

ఇంట్లో బీరు కాచుకునేవాళ్లలోంచే మూడో బ్రూవరీ పుట్టింది. చీకో పట్టణంలో ఇంటి బీరుకు కావలసిన సరుకులమ్మే కొట్టు నడిపిన కెన్ గ్రాస్‌మన్, యాంకర్‌నూ న్యూ ఆల్బియన్‌నూ వెళ్లి చూసొచ్చాడు. అక్కడ చూసిన దారే పట్టాడు: డెయిరీ తుక్కు, సొంత వెల్డింగ్. పాల్ కమూసీతో కలిసి పెట్టిన సియెర్రా నెవాడాలో 1980 నవంబర్‌లో మొదటిసారి పొయ్యి వెలిగింది. మొదట కాచింది స్టౌట్. తర్వాత పేల్ ఏల్. దాని రుచి కుదిరేదాకా చేసిన బీరును పదేపదే పారబోశారు. హాప్స్ మాత్రం మళ్లీ క్యాస్కేడే. బ్రూవరీ ఎదిగాక జర్మనీలో మూతబడ్డ ఓ బ్రూవరీ నుంచి రాగి గంగాళాలు కొని ఓడల్లో తెప్పించుకున్నారు. ఆకుపచ్చ లేబుల్ ఉన్న ఆ పేల్ ఏల్ తాగే చాలామంది అమెరికన్లు చిన్న బ్రూవరీల క్రాఫ్ట్ బీరు రుచి తెలుసుకున్నారు.

ఇన్ని రకాలు వస్తుంటే తాగేవాళ్లకు తేడాలు తెలియాలి కదా. ఇంగ్లండ్ రచయిత మైఖేల్ జాక్సన్ 1977లో ప్రపంచ బీర్ల మీద రాసిన పుస్తకం రకాలను వర్గీకరించి చూపింది. 1982లో చార్లీ పపాజియన్ బృందం కొలరాడోలోని బౌల్డర్ పట్టణంలో గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్ మొదలుపెట్టింది. ఇరవైకి పైగా బ్రూవరీలు వచ్చాయి. తర్వాత డెన్వర్‌కు మారిన ఈ ఉత్సవంలో ఒక్కసారి పోసేది ఒక ఔన్సు, అంటే దాదాపు 30 మిల్లీలీటర్లు. కడుపు నిండా తాగడం కాదు, నాలుకతో పోల్చి చూడటం ఇక్కడి పద్ధతి. ముందే చేదుది తాగితే తర్వాతి తేలిక బీరు నీళ్లలా అనిపిస్తుంది. అందుకే వరస ముఖ్యం. పెద్ద గ్లాసు కొనాలంటే జనం తెలిసిన బీరే అడుగుతారు. చిన్న గ్లాసైతే తెలియనిదాన్ని ధైర్యంగా అడుగుతారు. చిన్న బ్రూవరీలకు కావలసింది ఆ ధైర్యమే.

హాప్లండ్ సంగతికొస్తే, న్యూ ఆల్బియన్ సామాను చేరిన ఆ బ్రూవరీ 1983లో మెండొసినో బ్రూయింగ్ పేరుతో తలుపులు తెరిచింది. మద్యనిషేధం తర్వాత కాచినచోటే పోసి అమ్మిన తొలి కాలిఫోర్నియా బ్రూపబ్ అదే. 1997లో విజయ్ మాల్యా నేతృత్వంలోని యునైటెడ్ బ్రూవరీస్ గ్రూపు దాని పగ్గాలు చేపట్టింది. మనవాళ్లకు తెలిసిన కింగ్‌ఫిషర్ లాగర్‌ను అమెరికా మార్కెట్ కోసం ఆ కంపెనీయే కాచింది. 2018లో ఆ కంపెనీ మూతబడింది. ఈలోగా చిన్న బ్రూవరీల బీరు భారతదేశానికీ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నియమాలు తెచ్చాక హైదరాబాద్‌లోనూ చిన్న గ్లాసుల వరసలు కనిపిస్తున్నాయి. వాటిలో అమెరికన్ తరహా ఐపీఏ ఉంటే, దాని పూర్వీకులు లిబర్టీ ఏల్, సియెర్రా పేల్ ఏల్.

న్యూ ఆల్బియన్ కథ కూడా 1982తో ముగియలేదు. ఆ పేరు మీద హక్కును బోస్టన్ బీర్ కంపెనీ అధిపతి జిమ్ కుక్ 1993లో సంపాదించి ఉంచాడు. 2012లో మెకాలిఫ్‌ను పిలిపించి, యూసీ డేవిస్ దాచి ఉంచిన అసలు ఈస్ట్‌తో ఆ ఏల్‌ను మళ్లీ కాయించాడు. 2013లో దాన్ని అమ్మి, లాభాన్ని మెకాలిఫ్‌కే ఇచ్చాడు. అంతకుముందే, సియెర్రా నెవాడా ముప్ఫై ఏళ్ల సంబరంలో గ్రాస్‌మన్ తన పూర్వీకులైన మేట్యాగ్‌తో ఒకటి, మెకాలిఫ్‌తో ఒకటి ప్రత్యేక బీర్లు కాచాడు.

2018 నవంబర్‌లో చీకో పొరుగున ఉన్న ప్యారడైజ్ పట్టణం కార్చిచ్చులో బూడిదైంది, 85 మంది చనిపోయారు. బాధితుల కోసం సియెర్రా నెవాడా ఓ ఐపీఏ చేసి, దాని తయారీ విధానాన్ని అందరికీ పంచింది. 1,400కు పైగా బ్రూవరీలు అదే బీరును తమ తమ ఊళ్లలో కాచి, అమ్మకాల సొమ్ము సహాయానికి పంపడానికి ముందుకొచ్చాయి. తయారీ రహస్యాన్ని దాచుకునే పరిశ్రమలో ఇది ఊహకందని పని. ఒకరి డ్రమ్ములు, ఒకరి ఈస్ట్ మరొకరు వాడుకుంటూ ఎదిగినవాళ్లకు మాత్రం సహజమే అయింది.

యాంకర్‌ను మేట్యాగ్ 2010లో అమ్మేశాడు. 2017లో జపాన్ కంపెనీ సపోరో కొంది. 2023 జూలైలో మూసేస్తున్నట్టు ప్రకటించింది. మరుసటి ఏడాది మే నెలలో హమ్దీ ఉలుకాయ అనే వ్యాపారి బ్రూవరీని కొన్నాడు. తుర్కియే నుంచి వలస వచ్చిన ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో ఓ మూతబడ్డ పెరుగు ఫ్యాక్టరీని 2005లో కొని, చోబానీ పేరుతో పెద్ద కంపెనీగా నిలబెట్టిన మనిషి. మేట్యాగ్ కుటుంబానికీ అయొవాలో చీజ్ చేసే డెయిరీ ఉండేది. పాల సామానుతో లేచిన ఈ పరిశ్రమలో, ఆ మూడింటిలోకీ పాత బ్రూవరీ, దాని పరికరాలు, స్టీమ్ బీర్ తయారీ విధానం ఇప్పుడు పెరుగు వ్యాపారి చేతికి వచ్చాయి.