ఫిడేలుకు నెలజీతం

ఫిడేలు కర్ణాటక కచేరీలోకి పక్కవాద్యంగానే వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి (1786–1858) మద్రాసులో దాన్ని పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకుని మన సంగీతానికి మలిచారని చెబుతారు. గడ్డం కింద పెట్టుకుని నిలబడి వాయించే వాద్యం ఇక్కడ నేల మీద కూర్చుంది. ఒక కొస ఎదకు ఆనుతుంది, రెండో కొస కుడి పాదం మీద నిలుస్తుంది. బరువు కాలు మోస్తుంది కాబట్టి ఎడమ చేయి తీగ మీద అడ్డులేకుండా జారుతుంది. గమకం పలకాలంటే అదే కావాలి. నాలుగు తీగల శ్రుతి కూడా స, ప, స, ప అయింది.

విద్య కుదిరినా బతుకు కుదరడానికి చాలాకాలం పట్టింది. ఫిడేలు విద్వాంసుడు గాయకుడి వెంట వెళ్లాలి, పిలుపు వస్తేనే సంభావన. ఈ పరిస్థితిని మార్చింది ఒక కొలువు. 1919లో విజయనగరం సంస్థానాధీశుడు విజయరామ గజపతి సంగీత కళాశాల నెలకొల్పారు. సంస్థాన ఉద్యోగి చాగంటి జోగారావు కుమారుడు అంధుడని, అతనికి సంగీతం నేర్పించాలన్న తలపుతోనే కళాశాల పుట్టిందని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు.

ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) అక్కడికి విద్యార్థిగా చేరాలనే వెళ్లారు. ఆయన వాద్యం విన్న దాసుగారు చేర్చుకున్నది మాత్రం ఆచార్యుడిగా. అప్పటికి నాయుడుకు ఇరవై ఆరేళ్లు. చూపు మందగించడంతో బడి చదువు మధ్యలోనే ఆగింది, ఫిడేలు అన్న దగ్గర నేర్చుకున్నదే. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. పాశ్చాత్య విద్వాంసుల రికార్డులు శ్రద్ధగా వినేవారు. ఆ వినికిడి ఆయన నిడుపాటి కమానులో తెలుస్తుంది. పక్కన కూర్చునే వాద్యానికి ఒంటరి కచేరీ స్థాయి తెచ్చిన వారిలో ఆయనే ముఖ్యుడు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి. జనం మాత్రం ‘ఫిడేలు నాయుడుగారు’ అనే పిలిచారు. బిరుదులన్నిటికంటే ఇదే ఆయనకు అతికింది.

రెండో కొలువు రేడియో. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలయ్యాక ‘నిలయ విద్వాంసుడు’ అనే ఉద్యోగం తెలుగునాట పరిచితమైంది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడు, ఫిడేలు విద్వాంసుడు అన్నవరపు రామస్వామి ఆ కేంద్రంలో దశాబ్దాలు పనిచేశారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. బయటి కళాకారులకు ఆడిషన్‌లో వచ్చిన గ్రేడును బట్టి పారితోషికం.

మూడోది మద్రాసు సినిమా స్టూడియో. అక్కడ వయొలిన్ల వరుస వెనుక సెల్లోలు, డబుల్ బేస్‌లు కూర్చునేవి. సెల్లో పట్టినవారికి తెలుగు ఊళ్లలో కచేరీ వేదిక లేదు. వాళ్ల బతుకంతా స్వరలిపి కాగితాలు, కాల్‌షీట్లే.

ఓరుగల్లు చుట్టుపక్కల ఈ ఫిడేలు కొలువుల కథ ఆలస్యంగా మొదలైంది. అక్కడ వాద్యం మీద బతికినవారు ఒగ్గుకథ చెప్పే కళాకారులు. కురుమలు, యాదవులు పోషకులు, బీరప్ప, మల్లన్న కథలే పాఠం. జనగామ దగ్గరి మాణిక్యపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య ఆ కళకు సంగీత నాటక అకాడమీ పురస్కారం తెచ్చారు. భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి శాస్త్రీయ సంగీతం చదవదలచిన వారికి దగ్గరి ప్రభుత్వ సంస్థ వరంగల్‌లోని విద్యారణ్య సంగీత నృత్య కళాశాల.