వంకరగా కూర్చున్న యాక్సిల్

సూళ్లూరుపేట దాటి, 16వ నంబరు జాతీయ రహదారి మీద తడ వైపు వస్తున్నారు మీరు. నడుపుతున్నది ఎత్తు పెంచిన పాత మారుతి జిప్సీ. బండి నేరుగానే పోతోంది, స్టీరింగు మాత్రం కుడికి తిరిగి ఉంది. దాన్ని నడిమికి తెస్తే బండి ఎడమకి లాగుతుంది. ఉబ్బలమడుగు దారి రాళ్లలో తిప్పి వచ్చాక మొదలైన రోగం ఇది. ముందు చక్రాలకు అలైన్‌మెంటు చేయించారు. కంప్యూటరు తెర మీద అంకెలన్నీ పచ్చగా వచ్చాయి, లాగుడు మాత్రం పోలేదు.

తడలో సర్వీసు రోడ్డు పక్కన, లారీల కమాన్ కట్టల పని చేసే షెడ్డు ముందు ఆపుతారు. సరైన చోటికే వచ్చారు. 1985లో వచ్చి 2019 దాకా తయారైన జిప్సీకి ముందూ వెనకా గట్టి యాక్సిళ్లే, వాటికి కమాన్ కట్టలే. చెన్నై లారీల కింద దూరే మేస్త్రికి ఇందులో కొత్తేమీ లేదు.

“ముందు చక్రాలు వదిలెయ్యండన్నా, ఎనక చూద్దాం.”

బకెట్టు నీళ్లు గచ్చు మీద కుమ్మరించి, బండిని అందులోంచి నేరుగా నడపమంటాడు. దిగి చూడండి. వెనక టైర్ల తడి జాడలు ముందు జాడల మీద పడలేదు, బొటనవేలి మందాన కుడికి జరిగాయి. పులికాట్ ఒడ్డున ఎండ్రకాయలా బండి ఓరగా నడుస్తోంది.

స్టీరింగు నేరుగా పెట్టి, ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమ దాకా టేపు పట్టుకోండి. ఎడమవైపు 2375 మిల్లీమీటర్లు, జిప్సీకి ఉండాల్సిన లెక్క. కుడివైపు 2387.

ఇక్కడ తొందరపడకూడదు. తేడా ఉందని తెలిసింది గానీ ఏ యాక్సిల్‌ది తప్పో తెలియలేదు. ఛాసిస్ వంగినా టేపు ఇలాగే చెబుతుంది. మేస్త్రి బంపరునీ బాడీనీ నమ్మడు. ఛాసిస్ రంధ్రాల్లోంచి గుండు దారం వేలాడదీసి, అది ఆగిన చోటల్లా సుద్దతో గుర్తు పెడతాడు. ఆ గుర్తుల మధ్య మూల నుంచి మూలకు రెండు కొలతలూ సమానంగా వచ్చాయి, ఛాసిస్ బాగున్నట్టే. ఇక కట్టను ఛాసిస్‌కి కదలకుండా పట్టే బోల్టు నుంచి యాక్సిల్ దాకా కొలత. ముందు రెండు పక్కలా ఒకటే. వెనక కుడిపక్క 12 మిల్లీమీటర్లు ఎక్కువ.

టార్చి వేసి కిందికి వంగండి. యూ బోల్టు పక్కన, తుప్పు మధ్యలో, ఇనుము రాసుకుని మెరుస్తోంది. యాక్సిల్ జరిగిన చోటు అదే. కట్ట విప్పితే సెంటర్ బోల్టు రెండు ముక్కలు.

ఆ బోల్టు తల యాక్సిల్ పీఠం రంధ్రంలో కూర్చుని స్థానం చూపిస్తుంది, అంతే. బండి లాగినా ఆగినా ఆ బలాన్ని ఓర్చుకోవాల్సింది యూ బోల్టుల బిగువు. ఎత్తు కోసం అదనపు పట్టీ వేస్తే, కొంత దూరం తిరిగాక పట్టీలు సర్దుకుని ఆ బిగువు సడలుతుంది. మళ్లీ బిగించకపోతే ప్రతి బ్రేకు దెబ్బా సెంటర్ బోల్టుకే. ఎత్తు పెంచి డబ్బు తీసుకున్నవాళ్లు ఈ ఒక్క మాట చెప్పకుండా పంపడం నేను క్షమించలేను. లారీల మధ్య 80 వేగంలో యాక్సిల్ జరిగితే ఏమవుతుందో వాళ్లకు తెలియంది కాదు.

చక్రాల మధ్య 1.3 మీటర్ల వెడల్పు మీద 12 మిల్లీమీటర్లంటే దాదాపు అర డిగ్రీ వంకర. అంత మేరా ముందు చక్రాలు తిరిగి ఉండాలి. స్టీరింగు దగ్గరికి వచ్చేసరికి అది సుమారు పది డిగ్రీలు. ముందు చక్రాలను ఒకదానితో ఒకటి పోల్చి ఊరుకునే అలైన్‌మెంటుకు ఇది చిక్కదు. నాలుగు చక్రాలకూ చేయించి ఉంటే దొరికేది.

2023లో మన రోడ్ల మీదికి వచ్చిన జిమ్నీ అయితే లెక్క వేరు. దానికి కాయిల్ స్ప్రింగులు, యాక్సిల్ పక్కకు పోకుండా ఒక అడ్డ కడ్డీ. కడ్డీ పొడవు 85 సెంటీమీటర్లు, కొనల ఎత్తు తేడా 10 అనుకుందాం. బండిని 5 సెంటీమీటర్లు లేపితే యాక్సిల్ 7 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. అక్కడ కొలవాల్సింది టైరుకీ ఛాసిస్‌కీ మధ్య సందు.

కొత్త సెంటర్ బోల్టు, కొత్త యూ బోల్టులు పడ్డాయి. చక్రాలు నేలకు ఆని బరువు పడ్డాకే చివరి బిగింపు. ఇప్పుడు టేపు రెండు పక్కలా 2375 చూపిస్తోంది.

“రెండొందల కిలోమీటర్లు తిరిగినాక రాండన్నా, మళ్లా బిగిస్తా” అంటూ మేస్త్రి ముందుకు జరుగుతాడు. ఎత్తు పెంచింది నాలుగు కట్టలకూ కదా. ముందు ఎడమ యూ బోల్టు మీద పానా పెట్టి లాగితే, నట్టు పావు చుట్టు తిరిగింది.