పీఎంఓ అంటే రంగులు మార్చే ఉద్యోగమేనా? పోలారిస్ నుంచి హైటెక్ సిటీ దాకా ఒక కథ



"అన్నా, మూడు నెలల నుంచి బెంచ్ మీద ఉన్నా. హెచ్‌ఆర్ వాళ్లు పీఎంఓలో వేస్తామంటున్నారు. వెళ్తే కోడింగ్ మర్చిపోతానేమో, వెళ్లకపోతే ఉద్యోగమే పోతుందేమో. ఏం చేయమంటావ్?" ఈమధ్య నాకు వచ్చే మెసేజుల్లో ఎక్కువగా ఉంటున్న ప్రశ్న ఇది. అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అసలు ఈ పీఎంఓ అనే ఆఫీసు ఎందుకు పుట్టింది, మన మాదాపూర్ దాకా ఎలా వచ్చింది, ఇక్కడ దాని విలువ ఎప్పుడు తెలిసింది అన్నది చూస్తే, జవాబు మీకే దొరుకుతుంది. అందుకే ఇవాళ కొంచెం చరిత్ర చెప్పుకుందాం.

పీఎంఓ అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఆఫీస్. వార్తల్లో పీఎంఓ అంటే ప్రధానమంత్రి కార్యాలయం, అది వేరు. మా ఊళ్లో మా బాబాయికి నేను "పీఎంఓలో చేస్తున్నా" అని చెప్తే, ఆయన నెల రోజులు ఊరంతా ఢిల్లీలో ఉద్యోగం అని చెప్పుకున్నాడు. సరే, నవ్వులు పక్కన పెడదాం.

1955కి వెళ్దాం. ఆ ఏడాది అమెరికా నౌకాదళం స్పెషల్ ప్రాజెక్ట్స్ ఆఫీస్ అని ఒకటి పెట్టింది. సముద్రం మీంచి క్షిపణి ప్రయోగించే వ్యవస్థ తయారు చేయించడం దాని పని. తర్వాత అదే పోలారిస్ ప్రాజెక్టు అయింది. క్షిపణి ఒకరు, సబ్‌మెరైన్ ఒకరు, దారి చూపించే యంత్రాలు ఇంకొకరు, ఇలా వందల కంపెనీలు పని చేస్తున్నాయి. ఎవరి పని ఎక్కడ ఆగితే మొత్తం ఎన్ని వారాలు ఆలస్యమవుతుందో ఒక మనిషి బుర్రలో పట్టే లెక్క కాదు. అందుకే 1958లో ఆ ఆఫీసు పెర్ట్ అనే పద్ధతి తెచ్చింది. పనులన్నీ గీతలు, వలయాలుగా గీసి, ఏ పని తర్వాత ఏది రావాలో, ఏ దారి అన్నిటికన్నా పొడవో లెక్క కట్టే పద్ధతి. 1960 జులై 20న జార్జ్ వాషింగ్టన్ అనే సబ్‌మెరైన్ నీళ్ల లోపల ఉండగానే పోలారిస్‌ని ప్రయోగించింది. పెర్ట్ పేరు ప్రపంచమంతా మారుమోగిపోయింది. ఇవాళ్టికీ మన బీటెక్ సిలబస్‌లో ఉంది. మీరు కూడా పరీక్షకి ముందు రోజు రాత్రి చదివే ఉంటారు.

ఇదే 1955లో, డిసెంబరు 10న, మన దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. అంత పెద్ద రాతి ఆనకట్టకి రాయి ఎంత వచ్చింది, సిమెంటు ఎంత అయింది, వానాకాలం లోపు ఎంత ఎత్తు లేవాలి అని లెక్క రాసేవాళ్లు లేకపోతే పని నడవదు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలేదాకా ఆ లెక్కలు రాస్తూనే ఉన్నారు. అంటే పేరు పీఎంఓ కాకపోయినా, ఈ పని మనకి కొత్త కాదు. ఒక మనిషి కంటికి ఆననంత పెద్ద పని ఉన్నచోట, ఆ కన్నుగా పనిచేయడానికి ఇంకొకరు కావాలి. పీఎంఓ పుట్టింది ఇందుకే.

ఇప్పుడు పోలారిస్ కథలో మనకి బీటెక్‌లో చెప్పని ముక్క ఒకటి చెప్తా. హార్వే సపోల్‌స్కీ అనే పరిశోధకుడు ఈ ప్రాజెక్టు మీద 1972లో పుస్తకం రాశాడు. ఆయన తేల్చింది ఏంటంటే, పోలారిస్ విజయానికి పెర్ట్ కారణం అని అందరూ అనుకుంటున్నంత సీన్ లేదు. ఆ చార్టులు లోపల పని నడపడానికి పనికొచ్చిన దానికన్నా, బయటి పెద్దలకి "అన్నీ మా అదుపులో ఉన్నాయి, మీరు జోక్యం చేసుకోకండి" అని చూపించడానికే ఎక్కువ పనికొచ్చాయి.

చూశారా? పుట్టుకలోనే రెండు ముఖాలు. ఒకటి, నిజం కనుక్కోవడం. రెండోది, అందంగా చూపించి నోరు మూయించడం. ఈ రెండో ముఖం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక మన ఊరికి వద్దాం. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. అప్పుడు చుట్టూ ఉన్నవి బండరాళ్లే. అది వై2కే కాలం. రెండు అంకెల్లో సంవత్సరం రాసుకున్న పాత ప్రోగ్రాములన్నీ 2000 వచ్చేలోపు సరిచేయాలి. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్నవాళ్లు అమెరికా ఫ్లైట్ ఎక్కారు, ఎక్కనివాళ్లు ఇక్కడే కూర్చుని అమెరికా పని చేశారు.

ఇక్కడే అసలు చిక్కు. క్లయింట్ న్యూయార్క్‌లో, టీమ్ మాదాపూర్‌లో. మధ్యలో తొమ్మిదిన్నర, పదిన్నర గంటల తేడా. ఆయన పడుకున్నప్పుడు మనం పని చేస్తాం. మనల్ని ఎప్పుడూ చూడలేదు, మన ఆఫీసుకి రాలేదు. డబ్బులు ఎందుకివ్వాలి? ఏ నమ్మకంతో?

ఆ నమ్మకానికి ఒక సర్టిఫికెట్ దొరికింది. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ దగ్గర సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వాట్స్ హంఫ్రీ అనే ఇంజినీర్ ఆలోచనలతో అక్కడ సీఎంఎం అనే కొలమానం తయారైంది. ఒక కంపెనీ పని పద్ధతిని ఒకటి నుంచి ఐదు స్థాయిల్లో కొలుస్తుంది. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు అమెరికా రక్షణ శాఖకి పనికొస్తుందని చేసింది అది. దాన్ని అందరికన్నా గట్టిగా పట్టుకున్నది మన ఇండియా కంపెనీలు. లెవెల్ ఫైవ్ బోర్డు తగిలించుకోవాలంటే ప్రతి గంటకీ, ప్రతి బగ్గుకీ, ప్రతి మార్పుకీ లెక్క ఉండాలి. ఆ లెక్క రాసేవాళ్లకి క్వాలిటీ టీమ్ అని, ప్రాసెస్ గ్రూప్ అని పేర్లుండేవి. మన కారిడార్‌లో పీఎంఓ ఉద్యోగాలకి అసలైన పూర్వీకులు వీళ్లే. పోలారిస్‌లో పని పెద్దది కాబట్టి ఆ ఆఫీసు వచ్చింది, ఇక్కడ పని దూరంగా ఉంది కాబట్టి వచ్చింది. దూరంగా ఉన్నవాడు మన రిపోర్టు తప్ప ఇంకేం చూడలేడు. కాబట్టి ఆ రిపోర్టు నిజమా కాదా అన్నదే మొత్తం వ్యాపారం.

ఇప్పుడు 2009 జనవరి 7. నేనప్పుడు స్కూల్లో ఉన్నా. టీవీలో రోజంతా ఒకటే వార్త. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన బోర్డుకి ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపిస్తున్న నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవు అని ఒప్పుకున్నారు. ఒక్కరోజులో షేరు నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. సుమారు 50 వేల మంది ఉద్యోగులు. ఆ కంపెనీకీ లెవెల్ ఫైవ్ ఉంది. 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది.

దర్యాప్తులో బయటపడ్డ ఒక విషయం ప్రతి పీఎంఓ ఉద్యోగి తెలుసుకోవాలి. సత్యంలో మామూలుగా బిల్లు ఎలా తయారయ్యేదంటే, ముందు ప్రాజెక్టు రిపోజిటరీలో ప్రాజెక్టుకి ఒక ఐడీ పుట్టాలి. ఉద్యోగులు ఆన్‌టైమ్ అనే టైమ్‌షీట్ సిస్టమ్‌లో గంటలు నింపాలి. ఆ గంటల్ని బట్టి ప్రాజెక్ట్ బిల్లింగ్ సిస్టమ్‌లో లెక్క తేలాలి. ఆ తర్వాతే ఇన్‌వాయిస్ సిస్టమ్‌లోంచి బిల్లు బయటికి రావాలి. నకిలీ బిల్లులు ఈ దారిలో రాలేదు. నేరుగా చివరి సిస్టమ్‌లోకి ఎక్కించారు. సూపర్ యూజర్ లాగిన్‌తో వాటిని మిగతావాళ్లకి కనపడకుండా దాచారు. అలాంటివి వేల సంఖ్యలో దొరికాయి.

ఒక్కసారి ఆలోచించండి. ఆ బిల్లుల వెనకాల మనిషి పని చేసిన గంట లేదు. టైమ్‌షీట్ లేదు. కింద నుంచి పైకి వచ్చే జాడ లేదు. మనం శుక్రవారం సాయంత్రం విసుక్కుంటూ నింపే టైమ్‌షీట్ ఉంది చూడండి, "నింపావా, నింపావా" అని పీఎంఓ వాళ్లు వెంటపడే టైమ్‌షీట్, అబద్ధాన్ని పట్టించే జాడల్లో అదొకటి. అలాంటి లంకె లేని చోటే మోసం జరిగింది.

తర్వాత ఏం జరిగిందో మీకు తెలిసిందే. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డుని తీసేసి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ లాంటివాళ్లతో కొత్త బోర్డు వేసింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వేలంలో గెలిచింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో సహా పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. మరుసటి నెలలో పై కోర్టు ఆ శిక్షని నిలిపేసి బెయిల్ ఇచ్చింది. కంపెనీ మాత్రం బతికింది. ఎందుకు? నా అభిప్రాయం చెప్తా. పైన లెక్కలు అబద్ధమైనా, కింద ప్రాజెక్టుల్లో పని నిజం. ఇంజినీర్లు రోజూ చేసిన పని నిజం. క్లయింట్లు కొందరు వెళ్లినా, చాలామంది ఉండిపోయింది దాన్ని చూసే.

ఇప్పుడు నా కథ. చెప్పడానికి సిగ్గుగానే ఉంటుంది, అయినా చెప్పాలి.

నేను డెవలపర్‌గా చేరి, తర్వాత రాయదుర్గం వైపు ఒక కంపెనీలో పీఎంఓలో పని చేశా. కంపెనీ పేరు అనవసరం. ప్రతి గురువారం స్టేటస్ రిపోర్టు నాది. ఒక ప్రాజెక్టులో టెస్టింగ్ ఎన్విరాన్‌మెంట్ రావడం లేదు. నేను ఆంబర్ పెట్టా. "ఒక్క వారం గ్రీన్ ఉంచు, ఈలోపు వచ్చేస్తుంది" అన్నారు. ఉంచా. మళ్లీ వారం, మళ్లీ గ్రీన్. మూడు వారాలు. దీన్ని మా దగ్గర పుచ్చకాయ రిపోర్టు అంటారు. పైన పచ్చ, కోస్తే ఎరుపు. నాలుగో వారం కోయక తప్పలేదు. గో-లైవ్ వాయిదా పడింది. టెస్టింగ్ టీమ్ వరసగా రెండు శని, ఆదివారాలు ఆఫీసులోనే. అందులో ఒకతను ఖమ్మంలో తన చెల్లి నిశ్చితార్థానికి వెళ్లలేకపోయాడు. క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, "నువ్వు మొదటి వారమే ఎరుపు పెట్టి ఉంటే వెళ్లేవాణ్ణి భయ్యా" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు.

గ్రీన్ పెట్టమన్నది ఎవరైనా, సెల్ మీద క్లిక్ చేసిన వేలు నాది. పోలారిస్ చార్టుల రెండో ముఖం అంటే ఏంటో నాకు ఆ రోజు అర్థమైంది.

సరే, ఇంతకీ వెళ్లాలా వద్దా? వెళ్లొచ్చు. కానీ ఎలాంటి పీఎంఓకి వెళ్తున్నారో ముందు అడగండి. పుస్తకాల్లో మూడు రకాలు చెప్తారు. టెంప్లేట్లు ఇచ్చి సాయం చేసేది ఒకటి. పద్ధతి పాటిస్తున్నారా అని తనిఖీ చేసేది ఒకటి. ప్రాజెక్టుల్ని తానే నడిపేది ఇంకొకటి. మొదటి రకంలో ఊరికే కాపీ పేస్ట్‌తో రెండేళ్లు గడిచిపోయే ప్రమాదం ఉంది. ఆ పని ఇప్పుడు డాష్‌బోర్డులు, ఏఐ టూల్స్ చేసేస్తున్నాయి. ఆ కుర్చీని నమ్ముకుని ఈఎంఐ పెట్టుకోవద్దు.

చేరాక మొదటి ఏడాది మూడు విషయాలు పట్టుకోండి. ఒకటి, డబ్బు దారి. ఫిక్స్‌డ్ ప్రైస్ అంటే ఏంటి, గంటల లెక్కన బిల్లింగ్ అంటే ఏంటి, ఒక మనిషి బెంచ్ మీద ఉంటే కంపెనీకి ఎంత పోతుంది. రెండు, జాడ. రిపోర్టులో ఉన్న ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కింద దాకా వెళ్లి చూడండి, టీమ్ దగ్గర కూర్చుని అడగండి. మీరు కోడింగ్ చేసి వచ్చారు కదా, "తొంభై శాతం అయిపోయింది" అంటే ఎంత అయిందో మీకు తెలుసు. మూడు, చెడు వార్త చెప్పే పద్ధతి. "ఎరుపు" అని ఊరుకోకుండా, ఎందుకు ఎరుపు, ఎవరు ఏం చేస్తే మారుతుంది, ఎప్పటిలోపు, ఈ మూడూ రాసి పంపండి. అలా పంపినదాన్ని కొట్టిపారేయడం కష్టం.

సర్టిఫికెట్ల సంగతి. పీఎంఐ అనే సంస్థ 1969లో అమెరికాలో మొదలైంది, హైదరాబాద్‌లో దానికి పెర్ల్ సిటీ చాప్టర్ ఉంది. పీఎంపీ పరీక్షకి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకి కూడా 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ కావాలి. ఫ్రెషర్లకి సీఏపీఎం ఉంది, అనుభవం అడగరు. "రేపే పీఎంపీ ఇప్పిస్తాం" అనేవాళ్ల దగ్గర డబ్బు కట్టకండి. రాయండి, మంచిదే. కానీ లెవెల్ ఫైవ్ బోర్డు సత్యంని కాపాడలేదని గుర్తుంచుకోండి.

వచ్చే గురువారం మీరూ ఎక్కడో రిపోర్టు పంపుతారు. అందులో ఒక సెల్ ఏ రంగులో ఉండాలో మీకు తెలుసు. ఆ రంగే పెట్టండి. ఎవరో ఒకరు ఖమ్మం బస్సు ఎక్కుతారు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.