కాన్పూర్ నుంచి బాసర దాకా: ఒక సింహావలోకనం

1963 ఆగస్టులో కాన్పూర్ ఐఐటీకి ఐబీఎం 1620 యంత్రం వచ్చింది. అమెరికాలోని తొమ్మిది విద్యాసంస్థలు కలిసి ఆ ఐఐటీకి అండగా నిలిచిన కార్యక్రమం కింద వచ్చింది. అప్పటికే దేశంలో కంప్యూటర్లు లేకపోలేదు. కలకత్తాలోని గణాంక సంస్థ యాభైలలోనే ఇంగ్లండు నుంచి ఒకటి తెప్పించుకుంది. బొంబాయిలో టాటా పరిశోధన సంస్థ టిఫ్రాక్ అనే కంప్యూటర్‌ను సొంతంగా తయారుచేసుకుంది. అయితే అవి పరిశోధకుల చేతుల్లో ఉన్న యంత్రాలు. కాన్పూర్ మాత్రం కంప్యూటర్ గదిలోకి విద్యార్థులను రానిచ్చింది. యంత్రం రావడం కంటే ఈ నిర్ణయమే పెద్దదని నేను గట్టిగా నమ్ముతాను.

పునాది వేయడానికి వచ్చినవారిలో హ్యారీ హస్కీ ఒకరు. ఇంగ్లండులో గణిత శాస్త్రవేత్త ట్యూరింగ్‌తో కలిసి పనిచేసిన మనిషి. ఆ యంత్రం మీద ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠాలు మొదలయ్యాయి. దేశం నలుమూలల నుంచి వచ్చిన అధ్యాపకులకు, శాస్త్రవేత్తలకు పది రోజుల శిక్షణ తరగతులూ నడిచాయి. అక్కడ ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నవాళ్లు తమ తమ ఊళ్లకు తిరిగివెళ్లి మరికొందరికి నేర్పారు. అక్కడ పాఠాలు చెప్పిన వి. రాజారామన్ 1969లో రాసిన ప్రోగ్రామింగ్ పుస్తకం, కంప్యూటర్ మొహమైనా చూడని కాలేజీలకు కూడా చేరింది.

ఆనాటి పని ఎలా సాగేదో ఇప్పటి విద్యార్థులకు కాస్త వివరంగా చెప్పాలి. ఫోర్ట్రాన్‌లో ఒక్కో వాక్యాన్ని ఒక్కో అట్ట కార్డు మీద కన్నాలుగా కొట్టాలి. కార్డుకు 80 నిలువు వరుసలు. వాక్యం ఏడో వరుసలో మొదలై 72తో ఆగాలి. చివరి ఎనిమిదీ క్రమసంఖ్య కోసం. కట్ట చేతిలోంచి జారి చెల్లాచెదురైతే, మళ్లీ వరుసలో పేర్చుకోవడానికి ఆ సంఖ్యలే దిక్కు. ఒక్క కామా తప్పినా ఆ కార్డు మళ్లీ కొట్టి, మళ్లీ వంతు కోసం కాచుకోవాల్సిందే. అందుకే యంత్రానికి ఇచ్చేముందు ప్రోగ్రామును కాగితం మీదే ఒకటికి నాలుగుసార్లు సరిచూసుకునేవారు. ఆ తరానికి అబ్బిన నిశితమైన ఆలోచనలో ఈ శ్రమకూ వాటా ఉంది.

1966లో కాన్పూర్‌కు 1620 కంటే చాలా పెద్దదైన ఐబీఎం 7044 వచ్చింది. డెబ్బైల చివర డెక్ కంపెనీ యంత్రం రావడంతో ఒకేసారి పలువురు టెర్మినళ్ల ముందు కూర్చుని పనిచేసుకునే వీలు కలిగింది.

ఎనభైలలో ఆ ప్రాంగణం భారతీయ భాషల వైపు తిరిగింది. తెలుగువారిగా మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన ఘట్టం ఇదే. మన లిపులను తెర మీద చూపించే టెర్మినల్ పరిశోధన అక్కడ సాగింది. అదే తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ చేతిలో జిస్ట్ సాంకేతికతగా ఎదిగింది. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ బృందం భాషల మధ్య అనువాదానికి ‘అనుసారక’ అనే వ్యవస్థను తలపెట్టిందీ అక్కడే. ఆ పని తొంభైలలో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తెలుగు వాక్యాన్ని హిందీ పాఠకుడికి అందించే ప్రయత్నం అందులో ముఖ్యభాగం.

ఇక నెట్‌వర్క్ సంగతి. 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో విద్యా పరిశోధన సంస్థలను కలిపే ఎర్నెట్ మొదలైంది. అందులో తొలి భాగస్వాములు ఎనిమిది: ఐదు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ, బొంబాయిలోని సాఫ్ట్‌వేర్ పరిశోధన సంస్థ ఎన్‌సీఎస్‌టీ, ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్ శాఖ. ఫోన్ లైన్ల మీద మోడెములు పెట్టి ఈ-మెయిల్ నడిపారు. సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ దొరికింది 1995 ఆగస్టు 15న మాత్రమే. అంతకు ఏళ్ల ముందే ఆ కొద్ది ప్రాంగణాలకు ప్రపంచంతో ఉత్తర ప్రత్యుత్తరాలు ఉన్నాయి. ఆ ఎనిమిదింటిలో తెలుగునేల మీద ఉన్నది ఒక్కటీ లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఏవీ లేవు. 2002లో యూజీసీ-ఇన్ఫోనెట్ వచ్చాకే విశ్వవిద్యాలయాలన్నిటినీ కలిపే ప్రయత్నం ఊపందుకుంది. 2010లో కేంద్రం జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్‌కు ఆమోదం తెలిపింది. అప్పుడు అనుకున్న ఖర్చు 5,990 కోట్ల రూపాయలు, చేరాల్సిన సంస్థలు దాదాపు 1,500.

ఆ రెండు నెట్‌వర్క్‌ల మధ్య కాలంలో, 2008లో, రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పుట్టింది. పదో తరగతి పూర్తిచేసిన పల్లె పిల్లలను చేర్చుకుని, చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, నెట్‌వర్క్ మీద పాఠాలు చెప్పింది. ట్యూరింగ్ పురస్కారం పొందిన తెలుగువాడు రాజ్ రెడ్డి దానికి తొలి కులపతి. దాని లోటుపాట్ల మీద విమర్శలు వచ్చాయి, రావలసిందే. అయినా కాన్పూర్‌లో కార్డుల కట్టతో విద్యార్థికి దొరికిన అవకాశం ఇక్కడ రైతుకూలీ ఇంటి పిల్లకు సొంత యంత్రంగా దక్కింది. ఇంతటి మార్పు ఒకటిన్నర తరం కాలంలో జరిగింది. మిగిలి ఉన్న పని అనుబంధ కళాశాలలది. మన డిగ్రీ విద్యార్థుల్లో ఎక్కువమంది చదివేది విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో కాదు, ఆ కాలేజీల్లోనే. విశ్వవిద్యాలయానికి అందిన వేగమైన లైను, పత్రికల చందాలు, గణన సదుపాయాలు వాళ్లకూ అందేలా రాష్ట్రాలు బడ్జెట్ కేటాయించాలి.