తెనాలి ఫోన్ రేపల్లెలో ఎందుకు మోగలేదు? నెట్‌వర్క్ మార్పిడి చరిత్ర

తెనాలి ల్యాండ్‌లైన్ కోడ్ 08644. బాపట్లది 08643, రేపల్లెది 08648. ఈ మూడు సంఖ్యలను మీరు ముందుగా గుర్తుంచుకోవాలి. సెల్‌ఫోన్ చరిత్రలో కొంతకాలం ఇవి సరిహద్దులుగా కూడా పనిచేశాయి. తెనాలి నుంచి రేపల్లెకు రైలులో సుమారు 35 కిలోమీటర్లు. 2001 నాటి నిబంధనల ప్రకారం, తెనాలిలో తీసుకున్న ఒక రకం చేతిఫోన్ రేపల్లెలో పనిచేయకూడదు. పనిచేసే శక్తి యంత్రానికి ఉంది, అనుమతి మాత్రం లేదు. ఈ తేడాను పట్టుకుంటే తర్వాతి కథంతా సులువుగా అర్థమవుతుంది.

1994 టెలికాం విధానం తర్వాత ప్రైవేటు సంస్థలకు రెండు రకాల లైసెన్సులు ఇచ్చారు. సెల్యులార్ సంస్థలు జీఎస్‌ఎం పద్ధతి వాడాలి. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో ఆ లైసెన్సులు పొందినవి టాటా సెల్యులార్ (తర్వాత ఐడియా), జేటీ మొబైల్స్ (తర్వాత ఎయిర్‌టెల్). అప్పట్లో నిమిషానికి గరిష్ఠ ధర 16.80 రూపాయలు. వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టవలసిందే. రెండో రకం, మామూలు ఇంటిఫోన్ సంస్థలు. తీగ లాగే ఖర్చు తప్పించుకోవడానికి ఇవి రేడియో తరంగాలతో ఇళ్లకు కనెక్షన్ ఇవ్వవచ్చు. దీనినే డబ్ల్యూఎల్ఎల్ అన్నారు. ఇందుకు ఈ సంస్థలు సీడీఎంఏ పద్ధతిని ఎంచుకున్నాయి.

తీగ లేని ఫోన్‌ను చేతిలో పట్టుకుని వీధిలోకి వెళితే ఏమవుతుంది? వివాదం ఇక్కడే మొదలైంది. 2001 జనవరిలో ప్రభుత్వం దీన్ని అనుమతించింది, అయితే ఒక స్వల్పదూర చార్జింగ్ ప్రాంతం లోపలే తిరగాలని షరతు పెట్టింది. మూడు నిమిషాలకు 1.20 రూపాయలతో లోకల్ కాల్ అంటే సెల్యులార్ సంస్థలకు గుండెల్లో రాయి పడినట్టే. తాము ఎక్కువ ఫీజు కట్టి వచ్చామంటూ అవి న్యాయస్థానాలకు వెళ్లాయి. ఈ పోరులో రాజీగా మిగిలింది ఆ హద్దు. ఈ ప్రాంతాలు దాదాపు పాత తాలూకాల పరిమాణంలో ఉంటాయి. ట్రంకుకాల్ ధర లెక్కించడానికి ఎప్పుడో గీసిన గీతలు గాలిలో తరంగాలకు గోడలయ్యాయి. 2003 నవంబరులో ఏకీకృత లైసెన్సు వచ్చాక ఈ గోడ కూలింది.

రెండో గోడ హ్యాండ్‌సెట్. 2003 జూలైలో రిలయన్స్ ‘మాన్సూన్ హంగామా’ పేరుతో 501 రూపాయలు కడితే చాలు, సీడీఎంఏ ఫోన్ చేతికిచ్చింది. మిగతాది నెలనెలా కట్టుకోవాలి. అంతవరకు సెల్‌ఫోన్ ఊసెత్తని ఇళ్లలోకి కూడా ఫోన్ వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. కానీ జీఎస్‌ఎంలో చందాదారు గుర్తింపు సిమ్‌కార్డులో ఉంటుంది, కార్డు తీసి వేరే ఫోన్‌లో వేసుకోవచ్చు. మన సీడీఎంఏ ఫోన్లలో మొదటి ఏళ్లలో నంబరును ఫోన్‌లోనే నమోదు చేసేవారు. కంపెనీ మారాలంటే ఫోన్ పక్కన పడేయాలి.

రెండు సాంకేతిక పద్ధతులు వేరు కాబట్టి ఇలా జరిగిందని చాలామంది రాస్తారు. అందులో సగమే నిజం. రేడియో పద్ధతులు వేరన్నది వాస్తవం. అయితే అదే కాలంలో చైనా యూనికామ్ తీసి పెట్టుకునే కార్డుతోనే సీడీఎంఏ సేవ నడిపింది. కార్డు లేకపోవడం ఇక్కడి సంస్థల వ్యాపార నిర్ణయమని నా అభిప్రాయం. వాయిదాల మీద ఇచ్చిన ఫోన్ పోటీదారు చేతికి పోవాలని ఎవరు కోరుకుంటారు?

మూడోది నంబరు. దుకాణం బోర్డు మీద, ఆటో వెనక, శుభలేఖల మీద అచ్చయిన నంబరు మారితే బేరం పోతుంది. నిజాంపట్నం రేవులో చేపలు కొనే వ్యాపారికైనా, తెనాలి మెకానిక్‌కైనా నంబరు పెట్టుబడి లాంటిది. సిగ్నల్ అందకపోయినా, ధర ఎక్కువైనా దాన్నే భరించేవారు. అప్పట్లో నంబరులోని మొదటి అంకెలే అది ఏ కంపెనీదో చెప్పేవి, ఎక్స్‌చేంజి వాటిని చూసి కాల్‌ను దారి మళ్లించేది. నంబరు కంపెనీ మారాలంటే ముందుగా ఒక ఉమ్మడి రికార్డు చూసుకునే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటుతో 2010 నవంబరు 25న హర్యానాలో, 2011 జనవరి 20న దేశమంతటా నంబరు పోర్టబిలిటీ మొదలైంది. 1900కు ‘పోర్ట్’ అని సందేశం పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వచ్చేది. అప్పట్లో రుసుము 19 రూపాయలు. నంబరు వెంట వచ్చింది, సీడీఎంఏ ఫోన్ మాత్రం రాలేదు. పైగా మార్పు సర్కిల్ లోపలే. తెనాలి నంబరును తమిళనాడు సర్కిల్‌కు మార్చుకోవడానికి 2015 జూలై 3 దాకా ఆగవలసి వచ్చింది.

ఇక్కడ ఒక విశేషం. 2014లో రాష్ట్రం రెండయినా లైసెన్సు సర్కిల్ రెండు కాలేదు. 2022 ఏప్రిల్‌లో రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. కోడ్‌లు మాత్రం అవే.

సీడీఎంఏ నడిచిన 850 మెగాహెర్ట్జ్ తరంగాలు తర్వాత 4జీకి మళ్లాయి. 2016 సెప్టెంబరు 5న మొదలైన జియోలో మాటలు కూడా అప్పట్లో 4జీ మీదే సాగేవి. దాంతో జీఎస్‌ఎం కాలపు ఫోన్ ఉన్నవారు పాత నంబరును పోర్ట్ చేసుకున్నా, మళ్లీ కొత్త ఫోన్ కొనవలసి వచ్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీ ఇంట్లో 2011కు ముందు తీసుకున్న నంబరు ఇంకా వాడుకలో ఉంటే, అది మొదట ఏ కంపెనీది, ఎప్పుడు మారింది, అందుకు ఎన్ని ఫోన్లు మార్చారో పెద్దలను అడిగి పది వాక్యాల్లో రాయండి.