పెద్దలు వదిలిన పెరడు: పేరు తెలియని చెట్లను, తీగలను గుర్తుపట్టడం

పంపకాల్లో తాతల నాటి ఇల్లు వాటాకు వస్తే, ఇంటితో పాటు పెరడూ వస్తుంది. ఆ చెట్ల పేర్లు తెలిసిన నాయనమ్మలు మాత్రం ఇప్పుడు లేరు. పొరుగువారిని అడిగితే వారి భాషలో పేరు చెబుతారు. మనలాంటి వారికి చిక్కు అక్కడే మొదలవుతుంది.

మా హోసూరు వైపు ఒక పెరట్లో ముళ్ళ చెట్టు ఉంది. కాయలు గుండ్రంగా, గట్టిగా ఉంటాయి. కన్నడం మాట్లాడే పొరుగువారు దాన్ని 'బేల' అన్నారు. బరంపురం నుంచి వచ్చిన చుట్టాలు ఆ మాట విని, మారేడనుకొని శివపూజకు ఆకు కోయబోయారు. ఒడియాలో 'బేల', మరాఠీలో 'బేల్' అంటే మారేడే. కన్నడంలో 'బేల' అంటే మాత్రం వెలగ. తమిళంలో వెలగను విళాం అని, మారేడును విల్వం అని అంటారు.

కాబట్టి పేరు కంటే ముందు ఆకు చూడాలి. మారేడుకు ఒక కాడకు మూడాకులు ఉంటాయి. వెలగకు ఈనెకు అటూ ఇటూ చిన్న ఆకులు, చివర ఒకటి, మొత్తం ఐదో ఏడో ఉంటాయి. నలిపితే సోంపు వాసన వస్తుంది. వెలగకాయ పెచ్చు గరుకుగా, బూడిద తెలుపుగా ఉంటుంది. మారేడుకాయ నున్నగా ఉండి, పండితే పసుపు తిరుగుతుంది.

తీగల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. తిప్పతీగను కన్నడంలో అమృతబళ్ళి, తమిళంలో సీందిల్, మరాఠీలో గుళవేల్, ఒడియాలో గుళుచి అంటారు. ఆకు తమలపాకులా ఉంటుంది. కాడ మీది పలుచని పొర సులువుగా ఊడివస్తుంది, తుంచితే పాలు రావు. దీన్ని పోలిన మరో జాతి తీగ హాని చేయవచ్చని 2022లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ హెచ్చరించింది. ఆ తీగ కాడ నిండా బుడిపెలుంటాయి, తుంచితే పాలు వస్తాయి. ఖాయంగా తెలియనిదే కషాయం పెట్టకండి.

పిల్లలున్న ఇంట్లో ముందుగా రెండింటిని వెతకాలి. చింతాకులాంటి ఆకులతో అల్లుకొని, నల్ల మచ్చ ఉన్న ఎర్ర గింజలు కాసేది గురివింద. కన్నడంలో గులగంజి, తమిళంలో కుండుమణి, మరాఠీలో గుంజ అంటారు. గింజ నమిలితే ప్రాణాపాయం. సన్నని పొడవాటి ఆకులు, గంటల్లాంటి పసుపు పూలు ఉన్నది పచ్చ గన్నేరు. దాని గింజలోని విషం గుండెను దెబ్బతీస్తుంది. పిల్లలు నోట్లో పెట్టుకున్నారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ కాయనో కొమ్మనో వెంట తీసుకువెళ్ళాలి.

పాలు కారినంత మాత్రాన విషమని కొట్టేయకండి. పనసకూ పాలుంటాయి. పెరడు చేతికొచ్చిన మొదటి ఏడాది ఏ చెట్టునూ నరకకుండా ఉంటే మంచిది. పూత, కాయ చూశాకే చెట్టు సంగతి తేలుతుంది.

అప్పటిదాకా ఒక నోటుపుస్తకంలో చెట్టుకొక పేజీ కేటాయించండి. ఆకు అమరిక, పూసిన నెల, కాయ, వాసన, స్థానిక పేరు, తెలుగు పేరు, చెప్పినవారి పేరు రాయండి. పూతతోనో కాయతోనో ఉన్న చిన్న కొమ్మను పాత వార్తాపత్రికల మధ్య నొక్కి ఆరబెట్టండి. ఊరి పెద్దలకూ తెలియకపోతే దాన్ని దగ్గరి కళాశాల వృక్షశాస్త్ర విభాగానికి చూపవచ్చు. భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థకు కోయంబత్తూరు, పుణె, హైదరాబాదుల్లో ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి.

ఇంట్లో ఎనభై దాటిన వారుంటే ఈ వారమే కుర్చీ వేసి పెరట్లో కూర్చోబెట్టండి. మన పేర్లు ముందు వారి నోట విని రాసుకుందాం.