తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఒప్పంద వైద్యం

ప్రజల వైద్యానికి సర్కారు డబ్బిచ్చి, ఆ పనిని ప్రైవేటు వైద్యులకో సంస్థలకో అప్పగించే పద్ధతి కోస్తాంధ్రలో దాదాపు నూరేళ్ల నాటిది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గుంటూరు జిల్లాలో భాగంగా ఉన్న 1920లలో, పానగల్లు రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ ప్రభుత్వం గ్రామాల్లో సబ్సిడీ డాక్టర్లను నియమించడం మొదలుపెట్టింది. వైద్యం చదివిన మనిషి పట్నం వదిలి పల్లెలో కాపురం పెడితే ఏటా కొంత సొమ్ము, కొన్ని మందులు అందేవి. బదులుగా బీదలకు ఉచితంగా చూడాలి, ఉన్నవారి దగ్గర ఫీజు తీసుకోవచ్చు. ఊరూరా ఆసుపత్రి కట్టే స్తోమత లేని ప్రభుత్వానికి ఇది చౌకైన దారి. వైద్యుడు మాత్రం ఫీజు ఇచ్చే రోగికి, ఉచితంగా చూడాల్సిన రోగికి మధ్య నలిగేవాడు. ఈ చిక్కు తర్వాతి ఒప్పందాల్లోనూ ఏదో ఒక రూపంలో తలెత్తుతూనే వచ్చింది.

ఈ ప్రాంతంలో ఒప్పంద సేవ నిజంగా వేళ్లూనుకున్నది కుష్ఠు చికిత్సలో. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన బెతనీ కాలనీ, ఊళ్లు వెలివేసిన రోగులకు ఆశ్రయమిచ్చింది. అది మిషనరీల దానధర్మం కింద నడిచిన కాలం. 1955లో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక దృష్టి మారింది. రోగిని కాలనీలో ఉంచడం కాకుండా, ఇంటింటికీ వెళ్లి మచ్చ కనిపించినప్పుడే పట్టుకోవాలన్నారు. సర్వే, అవగాహన, చికిత్స అనే మూడు పనులను కలిపి, స్వచ్ఛంద సంస్థలకు కొంత ప్రాంతాన్ని అప్పగించి గ్రాంటు ఇచ్చే విధానం వచ్చింది. తెనాలి కేంద్రంగా పనిచేసిన గ్రెట్నాల్టెస్ ఈ కోవలోదే. గ్రేటర్ తెనాలి లెప్రసీ ట్రీట్‌మెంట్ అండ్ హెల్త్ ఎడ్యుకేషన్ స్కీమ్ అన్న పొడవైన పేరుకు అది పొట్టి రూపం.

ఆ ఒప్పందాన్ని మెచ్చుకోవలసిన కారణం ఒకటుంది. అందులో చెల్లింపు ఒక్కో రోగిని బట్టి కాదు, ఒక ప్రాంతం మొత్తాన్ని కనిపెట్టుకుని ఉన్నందుకు. కాబట్టి లెప్రసీ వర్కర్ రోగి వచ్చేదాకా కాచుకోడు. సైకిలెక్కి వాడలకు, బడులకు వెళ్తాడు, పిల్లల వీపులు చూస్తాడు, మందు మానేసిన ఇంటి తలుపు మళ్లీ తడతాడు. ఏళ్ల తరబడి డాప్సోన్ బిళ్ల మింగాల్సిన రోజుల్లో ఈ తలుపు తట్టడమే చికిత్సలో సగం. 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చి, తేలిక రకానికి ఆరు నెలల్లోనే మందు పూర్తయ్యే వీలు కలిగింది. తర్వాత కుష్ఠు పనిని సాధారణ ఆరోగ్య కేంద్రాల్లో కలిపేశారు. 2005 డిసెంబరు నాటికి దేశంలో పదివేల మందికి ఒక్క రోగి కంటే తక్కువ అన్న లక్ష్యం చేరింది. దాంతో ఇంటింటి సర్వే వెనకబడింది. మళ్లీ ఇల్లిల్లూ తిరిగి రోగులను వెతికే ఉద్యమాన్ని కేంద్రం 2016లో చేపట్టవలసి రావడం, ఆ పాత నైపుణ్యాన్ని తొందరపడి వదులుకున్నామనడానికి సాక్ష్యం.

ఒప్పంద పద్ధతి కుష్ఠుతోనే ఆగలేదు. 2000 ప్రాంతంలో ప్రపంచబ్యాంకు సాయంతో పట్టణ మురికివాడల ఆరోగ్య పథకం వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలోని మునిసిపల్ పట్టణాల్లో 192 కేంద్రాలను తెరిచి, నిర్వహణను స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చారు.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ మరో మెట్టు. ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ నడిపేది, ఖర్చులో అత్యధిక భాగం ప్రభుత్వం భరించేది. కృష్ణ ఒడ్డు లంకల నుంచి, నిజాంపట్నం తీరం నుంచి గర్భిణిని ఆసుపత్రికి చేర్చడం గగనమైన రేపల్లె ప్రాంతానికి ఈ సేవ విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. 2009లో సత్యం కంప్యూటర్స్ కుంభకోణంతో ఆ సంస్థ వెనకున్న అండ కూలినా బండ్లు ఆగలేదు, జి.వి.కె. చేతికి వెళ్లాయి. 2017 చివర్లో బి.వి.జి.కి, 2020లో అరబిందోకు మారాయి. ఫోన్ నంబరు మారలేదు గాని, సిబ్బందికి యజమాని మారినప్పుడల్లా జీతం బకాయి, ఉద్యోగ భయం వెంటాడాయి.

2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో ఆరంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ 2008లో గుంటూరు జిల్లాకు వచ్చింది. అప్పట్లో తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయల వరకు చికిత్స. తెనాలి, బాపట్ల వైపు కూలి మనిషి గుండె ఆపరేషన్ కోసం గుంటూరు, విజయవాడల్లోని కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కగలిగాడు. ఈ మేలును తక్కువ చేయడం అన్యాయం. కాని ఇక్కడ డబ్బు అందేది ఆపరేషన్‌కు, ప్యాకేజీ చొప్పున. బి.పి.ని, షుగరును ముందే అదుపులో పెట్టే పనికి ఆ లెక్కలో చోటు లేదు. కొన్ని చికిత్సలు అవసరానికి మించి జరుగుతున్నాయన్న విమర్శలు పెరిగాక, 2011లో 133 చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు. పథకం పేరు ప్రభుత్వంతోపాటు మారుతూ వచ్చింది, బకాయిల తగాదా మాత్రం అలాగే ఉంది. 2025లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపేశాయి.

2016 జనవరిలో వచ్చిన ఎన్టీఆర్ వైద్య పరీక్ష పథకం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో రక్త పరీక్షల పనిని మెడాల్ సంస్థకు ఇచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 19, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 40, ఏరియా, జిల్లా ఆసుపత్రుల్లో 63 రకాల పరీక్షలు. అదే ఏడాది 222 పట్టణ ఆరోగ్య కేంద్రాలు ముఖ్యమంత్రి ఆరోగ్య కేంద్రాలై, అపోలో, ధనుష్ సంస్థల నిర్వహణకు వెళ్లాయి. వీడియోలో స్పెషలిస్టు సలహా వాటి ప్రత్యేకత. 2019లో ప్రభుత్వం మారాక ఆ ఏర్పాటు ముగిసింది.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. బాపట్లలో తలపెట్టిన ప్రభుత్వ వైద్య కళాశాల, 2025 సెప్టెంబరులో ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికి మంత్రివర్గం ఆమోదించిన పది కళాశాలల్లో ఒకటి. పాత ఒప్పందాలు అంబులెన్సుకో పరీక్షకో పరిమితం, నచ్చకపోతే కొన్నేళ్లలో రద్దయ్యేవి. ఇక్కడ భూమి, ఆసుపత్రి, సీట్లు మూడూ ఒకే ఒప్పందంలో ముడిపడతాయి. ఉచిత పడకలు ఎన్ని, మాట తప్పితే జరిమానా ఎంత అన్న షరతులను సంతకాలకు ముందే తెలుగులో అచ్చువేసి ఈ మూడు పట్టణాల ప్రజల ముందు పెట్టాలి.